గుడి పక్కన రెండు పాత రాళ్ళు: కడగాలా, రంగు వేయాలా, ఎలా చదవాలి?

ప్రశ్న: సర్జాపుర_దారి

బెంగళూరులో సర్జాపుర వైపు మా అపార్ట్‌మెంటు వెనక ఒక పాత ఊరుంది. ఊరి గుడి బయట, రావిచెట్టు కట్ట పక్కన రెండు రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నాలుగడుగుల పైచిలుకు పలక. దాని పైభాగాన సూర్యచంద్రులు, మధ్యలో లింగం, కింద పదిహేను వరుసల దాకా రాత. రెండోదానిలో రాత లేదు, ఒకదాని మీద ఒకటిగా మూడు అరల్లో బొమ్మలున్నాయి. రెండింటి మీదా సున్నం, పసుపు, నూనె జిడ్డు పేరుకుపోయాయి. రాత ఉన్న రాయి అడుగు భాగం ఈమధ్య పోసిన సిమెంటు చప్టాలో కూరుకుపోయింది.

నవంబర్ 1న కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవానికి మా తెలుగు సంఘం, ఆ ఊరి యువకులు కలిసి ఊరి చరిత్ర మీద చిన్న ప్రదర్శన, ఒక నడక పెట్టాలనుకుంటున్నాం. 1956లో అదే రోజున ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడింది కాబట్టి మాకూ పండగే. రాళ్ళను కడిగించి, అక్షరాల్లో నల్లరంగు నింపించి, గుడి లోపల పెట్టిద్దామని కొందరంటున్నారు. అది సరైన పనేనా? శుభ్రం ఎలా చేయాలి? మాలో ఇద్దరు ముగ్గురికి కన్నడ అక్షరాలు వచ్చు. వాటితో చదవగలమా? ఇదివరకే ఎవరైనా చదివి ఉంటే ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: రాతిపలక

రంగు వద్దు, కదిలించడమూ వద్దండి. ఈ రెండు మాటలు ఊరి పెద్దలకు ముందే నచ్చజెప్పగలిగితే సగం పని అయినట్టే.

రంగు ఎందుకు వద్దంటే, అక్షరంలో రంగు నింపే మనిషి తనకు కనిపించిందనుకున్న గీతనే నింపుతాడు. అరిగిపోయిన చోట ‘ప’ని ‘వ’ చేస్తాడు. ఆ తర్వాత వచ్చేవాళ్ళంతా రాతిని కాదు, ఆ రంగును చదువుతారు. ఆయిల్ పెయింటు ఊడేటప్పుడు వట్టిగా ఊడదు, రాతి పొట్టును కూడా పట్టుకొస్తుంది. సుద్దముక్కతో దిద్దడం, పిండి చల్లడం కూడా ఇదే తప్పు కిందికి వస్తాయి. పిండి గాడుల్లో నిలిచిపోయి బూజు పడుతుంది, చీమలు చేరతాయి.

కదిలించడం ఎందుకు వద్దంటే, మీ రాత ఉన్న రాయి లాంటి దానశాసనం, అంటే దానం వివరాలు చెక్కిన రాయి, సాధారణంగా తాను చెప్పే పొలానికో చెరువుకో గుడికో దగ్గరగా నాటి ఉంటుంది. ‘ఈ చెరువు కింద’ అని రాసి ఉంటే ఆ ‘ఈ’ అనే మాటకు అర్థం రాయి నిలబడిన చోటే చెబుతుంది. జేసీబీతో ఎత్తేటప్పుడు గొలుసు తగిలి అంచులు విరగడం మామూలు. వరుసల మొదటి అక్షరాలు, చివరి అక్షరాలు ఉండేది ఆ అంచుల్లోనే.

ఇక చేయాల్సింది. దేన్నీ ముట్టుకోకముందు ఉన్నది ఉన్నట్టు నమోదు చేయండి. గుడి, చెట్టు కూడా కనబడేలా దూరం నుంచి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఎత్తు, వెడల్పు, మందం, వరుసల లెక్క, ఒక అక్షరం ఎత్తు, రాయి ముఖం ఏ దిక్కుకు ఉందీ రాసుకోండి. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు చూసి, దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలూ రాయండి. ఐదు అంకెలుంటే మీటరు దాకా కచ్చితం. మూడే రాస్తే వంద మీటర్ల తేడా వస్తుంది, అంటే పక్క వీధి.

శుభ్రానికి మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్షు, కొస చెక్కిన వెదురు పుల్ల చాలు. సున్నం మీద తడిగుడ్డ అరగంట కప్పి ఉంచి, నానిన పొరను వెదురు పుల్లతో నెమ్మదిగా లేపండి. రానిది వదిలేయండి. ఇనుప బ్రష్షు గీసిన గీతలు రేపు అక్షరాల్లో గీతల్లాగే కనిపిస్తాయి. పైగా దాని తునకలు రాతిలో చిక్కుకుని తుప్పు మరకలు వేస్తాయి. బాత్‌రూం యాసిడ్ అసలే పనికిరాదు. మన వైపు రాయిలో ఇనుము ఉన్న నల్ల రవ్వలుంటాయి, యాసిడ్ తగిలితే అవి గోధుమరంగు తేలతాయి. లోపల మిగిలిన లవణాలు ఎండినప్పుడల్లా పొరలు రేపుతాయి. కార్లు కడిగే ప్రెషర్ పంపు కూడా వద్దు. నూనె జిడ్డు గోరువెచ్చని నీళ్ళకు కొంత పోతుంది, మిగతాది నిపుణులకు వదిలేయాలి.

పూజ ఆపమని మాత్రం అడగకండి. ఆ రాయి ఇన్నాళ్ళు నిలిచిందంటే పూజ ఉండబట్టే. దీపం, కర్పూరం మాత్రం రాతికి ఆనించకుండా ఒక అడుగు ఇవతల పెట్టమని పూజారిగారిని అడగండి. ఒకే చోట వేడి తగిలితే గ్రానైటు పెచ్చులుగా లేస్తుంది. నూనె పోయడానికి రాయి ఎదుట ఒక చిన్న రాతి ప్రమిద ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

సిమెంటును మీరు పగలగొట్టొద్దు. డ్రిల్లు అదురుకు పలక నిలువునా చీలవచ్చు. రాత ఎన్నో వరుస దగ్గర సిమెంటులోకి దిగిపోయిందో ఫొటో తీసి, కర్ణాటక పురాతత్వ శాఖకు రాతపూర్వకంగా తెలపండి. గుడి ముజరాయి శాఖ (కర్ణాటక దేవాదాయ శాఖ) కింద ఉంటే వాళ్ళకూ ఒక ప్రతి ఇవ్వండి. కింద రెండు మూడు వరుసలు దాగి ఉండొచ్చు. దానం వివరాల్లో చివరి భాగం, శాసనం ముగింపు శ్లోకం ఆ వరుసల్లోనే ఉండొచ్చు.

జవాబు: ఏటవాలు_వెలుగు

చదవడానికి పనికొచ్చే ఫొటో గురించి మాత్రం చెబుతాను.

మధ్యాహ్నం తీసిన ఫొటో వృథా. ఫ్లాష్ కొట్టినది కూడా వృథానే. వెలుగు ఎదురుగా పడితే గాడిలో నీడ ఉండదు, నీడ లేకపోతే అక్షరం ఉండదు. చీకటి పడ్డాక వెళ్ళండి. ఫోన్‌ను స్టాండ్ మీద, రాతి మధ్యభాగానికి సరిగ్గా ఎదురుగా, కదలకుండా బిగించండి. ఒకరు టార్చి పట్టుకుని పక్క నుంచి, రాతి ముఖానికి 10 నుంచి 15 డిగ్రీల వాలులో వెలుగు వేయాలి. టార్చిని మరీ దగ్గర పెడితే ఒక అంచు తెల్లబడి రెండో అంచు నల్లబడుతుంది. రాతి ఎత్తుకు కనీసం రెండింతల దూరం జరగండి. నాలుగడుగుల రాయికి ఎనిమిది అడుగులు.

ఎడమ, కుడి, పై, కింద, నాలుగు మూలలు, ఇలా ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు తీయండి. ఫోన్ కదలకుండా ఉంటే వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పి చూసినప్పుడు నీడలు మాత్రమే కదులుతాయి. నిలువు గీతలు పక్క వెలుగులో, అడ్డ గీతలు పై వెలుగులో తేలతాయి. ఒక్క దిక్కు వెలుగుతో చదివితే దీర్ఘాలు, తలకట్లు తప్పిపోయేది అందుకే. ఆ తర్వాత మూడేసి వరుసలు దగ్గరగా తీస్తూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని ఒక వరుస మళ్ళీ వచ్చేలా చూసుకోండి. ఒక స్కేలు ఫ్రేములో ఉండాలి.

త్రీడీ నమూనా కావాలంటే దానికి పద్ధతి వేరు. మబ్బు పట్టిన పగలు, నీడలు లేనప్పుడు, రాతి చుట్టూ తిరుగుతూ 60 నుంచి 80 ఫొటోలు తీయాలి. ప్రతి ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలవాలి. నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీ బెంగళూరు ప్రాంత శాసనాలను త్రీడీ స్కానింగ్ చేయించింది. ఆ సంస్థ 1909 నుంచి ఉంది. మీ రాయి వాళ్ళ జాబితాలో ఉందేమో అడగండి. లేకపోతే వివరాలు ఇవ్వండి.

కాగితం తడిపి రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది చేయి తిరిగినవాళ్ళు, అనుమతితో చేయాల్సిన పని. కాగితం చిరిగిందంటే సిరా రాతిలోకి దిగిపోతుంది.

జవాబు: వలపలగిలక

ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు: కర్ణాటక శాసనాలను అచ్చు వేసిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ సంపుటాల్లో 9వది. శాసన పరిశోధకుడు బి. ఎల్. రైస్ బెంగళూరు జిల్లా శాసనాలను 1905లో ఈ సంపుటంగా అచ్చు వేయించారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి శాసనమూ ఇంగ్లీషు అనువాదంగా, రోమన్ లిపిలో, కన్నడ లిపిలో, ఇలా మూడు చోట్ల ఉంటుంది. మూడింటికీ వరుస సంఖ్య ఒకటే.

వెతికేవాళ్ళు పొరబడేది రెండు చోట్ల. శాసనాలు ఆనాటి తాలూకాల ప్రకారం ఉన్నాయి, ఇప్పటి విభజన ప్రకారం కాదు. సర్జాపుర పరిసరాలకు ఆనేకల్ భాగంతో మొదలుపెట్టండి, దొరక్కపోతే బెంగళూరు, హొసకోటె భాగాలు చూడండి. రెండోది, ఊరి పేరు టైపు చేసి వెతికితే దొరకదు. పేర్లలో అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు ఉంటాయి, స్కాన్ చేసిన పాఠంలో అవన్నీ చెదిరిపోయాయి. ఆ తాలూకా భాగాన్ని పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే. రాయి ఎక్కడుందో ప్రతిదానికీ పైన ఒక ముక్క రాసి ఉంటుంది. దాన్ని చూసి ఇదే మన రాయి అని తేల్చేయకండి. ఒకే ఊళ్ళో నాలుగైదు రాళ్ళుండొచ్చు. మీ ఫొటోలో స్పష్టంగా కనిపించే రెండు వరుసలు అచ్చు పాఠంతో అక్షరం అక్షరం కలవాలి. అందులో లేకపోతే మైసూరు పురావస్తు శాఖ వార్షిక నివేదికలు తిరగేయాలి.

ఇక మీరు చదవగలరా అంటే, చదవగలరు. చాలామంది తెలుగువాళ్ళు ఈ ధైర్యం చేయరు, అది బాధగా ఉంటుంది. తెలుగు, కన్నడ లిపులు వందల ఏళ్ళు ఒకే లిపి. విజయనగర కాలపు రాయైతే కన్నడ మాత్రమే వచ్చినవాళ్ళకు ఎంత కష్టమో మీకూ అంతే. ర్క, ర్మ లాంటి చోట ‘ర్’ను అక్షరం తర్వాత వేసే వలపలగిలక మన పాత పుస్తకాలు చదివినవాళ్ళకు కొత్త కాదు. మాటల మధ్య ఖాళీ ఉండదు, వరుస ఎక్కడ నిండితే మాట అక్కడ విరుగుతుంది. ఎ, ఏలకు, ఒ, ఓలకు తేడా చాలాసార్లు చూపరు. అరిగిన రాతి మీద ప, వ, మ ఒకటిగానే కనిపిస్తాయి, ద, ధ, థ కూడా అంతే. ఒక్క అక్షరంతో తేల్చుకోకుండా మాట మొత్తం కుదిరిందో లేదో చూడండి.

దానశాసనానికి ఒక కట్టుబాటు ఉంటుంది. అది తెలిస్తే చెరిగిన చోట్ల ఏముండాలో ఊహించవచ్చు. మొదట్లో ‘శుభమస్తు’ గానీ, ‘నమస్తుంగ శిరశ్చుంబి’ శ్లోకం గానీ. తర్వాత ‘స్వస్తిశ్రీ విజయాభ్యుదయ శాలివాహన శక వరుష’ అని అంకెలు, సంవత్సరం పేరు, నెల, ‘శు’ అంటే శుద్ధం, ‘బ’ అంటే బహుళం, తిథి. ఆ పైన ‘శ్రీమన్ మహారాజాధిరాజ రాజపరమేశ్వర’ అంటూ రాజు పేరు. తర్వాత ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇచ్చినది. ఇక్కడ గద్దె అంటే మాగాణి, బెద్దలు అంటే మెట్ట, కెరె అంటే చెరువు. ఖండుగ, కొళగ అన్నవి అంత విత్తనం పట్టే నేల అన్న లెక్క. 20 కొళగలు ఒక ఖండుగ. చివర్లో ‘స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం’ అనే శాపశ్లోకం. తాను ఇచ్చినదైనా పరులు ఇచ్చినదైనా భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని దాని అర్థం. ఈ శ్లోకం మీకు నోటికి వచ్చి ఉంటే అదే మీ మొదటి తాళంచెవి. తెలిసిన పాఠం కాబట్టి, ఆ రాతిని చెక్కినవాడి చేతిరాతలో ఏ అక్షరం ఎలా ఉందో దాన్నుంచి పట్టుకుని మిగతా వరుసలకు వెళ్ళొచ్చు.

అక్షరాలు అసలు పోల్చుకోలేకపోతే అది తమిళమేమో చూడండి. చోళుల పాలన వల్ల ఈ ప్రాంతంలో తమిళ శాసనాలు చాలా ఉన్నాయి. దొమ్మలూరు చొక్కనాథస్వామి గుడిలో చూడొచ్చు. ఎపిగ్రాఫియా కర్ణాటికా కోలారు జిల్లా సంపుటంలో తెలుగు శాసనాలు కూడా ఉన్నాయి.

జవాబు: గుండుతోపు

రెండో రాయి వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి జ్ఞాపకంగా నిలిపిన రాయి. కింది అర నుంచి పైకి చూడండి. కింద పోరు, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పైన శివలింగం ముందు అతను కూర్చుని ఉండటం. కింది అరలో ఆవులుంటే అది ‘తురుగోళ్’, పశువుల మందను కొల్లగొట్టేవాళ్ళను ఎదిరించి చనిపోయినవాడిది. ఊరి మీద దాడిలో చనిపోయినవాడైతే ‘ఊరళివు’ అంటారు. ఒక స్తంభం నుంచి మోచేయి మడిచిన చేయి, గాజులతో పైకి లేచి ఉంటే అది మాస్తిగల్లు, సహగమనం చేసిన స్త్రీది. వీరుడి కుటుంబానికి ఇచ్చే నేలను ‘నెత్తరుగొడగి’ అనేవారు. ఆ మాటలోని నెత్తురు మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

రాత లేదు కదా అని దాన్ని చిన్నచూపు చూడకండి. పేరు మిగలని మనిషికి ఊరు చేసుకున్న జ్ఞాపకం అది. రాత లేదన్నది కూడా సున్నం తీశాక, రెండు అరల మధ్య పట్టీల మీద టార్చి వేసి చూశాకే చెప్పాలి. వీరగల్లు మీద రాత చాలాసార్లు ఆ పట్టీల్లోనే ఉంటుంది.

సర్జాపుర_దారి

అందరికీ నమస్కారాలు. రంగు, తరలింపు రెండూ ఆగాయి. పూజారిగారు దీపం జరపడానికి ఒప్పుకున్నారు. ప్రదర్శనలో ఏం పెట్టాలో, నడక ఎంతసేపు ఉండాలో కూడా ఎవరైనా చెబుతారా?

జవాబు: ఏటవాలు_వెలుగు

ప్రదర్శనకు ఆరు పలకలు (బోర్డులు) చాలు, ఎక్కువ పెడితే ఎవరూ చదవరు. మొదటి పలక మీద ఒకే రాయి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టండి, పగటిది ఒకటి, టార్చి వెలుగుది ఒకటి. పిల్లలు ఆగిపోయేది అక్కడే. రెండో పలక మీద శాసన పాఠం వరుస వరుసకూ కన్నడ లిపిలో, తెలుగు లిపిలో, దాని కింద వాడుక భాషలో అర్థం. సందేహమున్న అక్షరాలకు చదరపు బ్రాకెట్లు, పూర్తిగా పోయినవాటికి చుక్కలు పెట్టండి. తెలియని చోట ఖాళీ చూపడమే నిజాయితీ. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు, శీర్షిక 60కి తగ్గకూడదు.

మిగతా పలకల మీద మీ ఊరిని నగరం చరిత్రతో కలపండి. బేగూరు గుడిలో క్రీ.శ. 890 ప్రాంతపు శాసనం ఉంది, ‘బెంగళూరు కాళగ’ అంటే బెంగళూరు పోరు గురించి. 1537 నాటి కెంపేగౌడ కోట కంటే ఊరి పేరు ఆరు వందల ఏళ్ళకు పైగా పాతదని ఆ ఒక్క రాయి చెబుతుంది. హెబ్బాళలో 2018లో వెలుగు చూసిన కిత్తయ్య వీరగల్లు గంగ వంశపు రాజు శ్రీపురుషుడి కాలంది, సుమారు క్రీ.శ. 750. పిల్లలకైతే ఆతకూరు రాయి బొమ్మ పెట్టండి. అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్కకు 10వ శతాబ్దంలో వేసిన రాయి అది. మండ్య జిల్లాలోని ఆతకూరులో దొరికింది, కస్తూర్బా రోడ్డు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది.

నడక ఉదయం ఏడుకు మొదలుపెట్టి గంటన్నరలో ముగించండి. ఒక్కో జట్టుకు 20 మందికి మించొద్దు, వెనకవాళ్ళకు రాయి కనబడదు. గుడి, రాళ్ళు, చెరువు కట్ట, తూము, ఈ క్రమంలో వెళ్తే శాసనంలో చెప్పిన నేల కళ్ళముందు ఉంటుంది. ఆ రోజు రాతిని ఎవరూ చేత్తో తడమకుండా రెండడుగుల ఇవతల తాడు కట్టండి. ఊళ్ళో వాళ్ళ చేతే శాసనాన్ని బిగ్గరగా చదివించండి. అది వాళ్ళ ఊరు.

సర్జాపుర_దారి

నిన్న రాత్రి ఎనిమిది ఫొటోలూ తీశాం. రైస్ సంపుటంలో మా రాయి కనిపించలేదు. మేమే చదవడం మొదలుపెట్టాం. ‘శాలివాహన శక వరుష’ తర్వాత 14, ఆ తర్వాతి అంకె పెచ్చు లేచిపోయింది, చివరిది 3. ‘విరోధికృతు సంవత్సరద మాఘ శు’ అని స్పష్టంగా ఉంది. రాజు పేరులో ‘...దాశివ’ వరకు కనిపిస్తోంది. పోయిన అంకెను పట్టుకోవడం సాధ్యమా?

జవాబు: వలపలగిలక

సాధ్యమే. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే, మిగిలే శేషమే ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. సున్నా మిగిలితే అక్షయ. విరోధికృతు 45వది. 1403, 1413, 1423 అంటూ 1493 దాకా పది అంకెలూ వేసి చూడండి. 45 మిగిలేవి రెండే, 1413, 1473.

శకానికి 78 కలిపితే 1413 అంటే 1491, 1473 అంటే 1551. ఈ రెండింటినీ విడదీసేది రాజు పేరు. సదాశివరాయలు విజయనగర సింహాసనం మీద ఉన్నది 1542 నుంచి 1570 దాకా. కాబట్టి పోయిన అంకె 7. ‘దాశివ’కు ముందు ‘స’ ఉండే చోటును కుడి వెలుగు ఫొటోలో మళ్ళీ చూడండి.

ఒక సవరణ. ప్రదర్శన పలక మీద 1551 అని వేయకండి. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. ఆ నెలకు 78 కాదు, 79 కలపాలి. మీ రాయి 1552 జనవరి, ఫిబ్రవరి నాటిది. ‘శు’ తర్వాత తిథి అంకె దొరికితే ఇక్కడే పెట్టండి, రోజు కూడా లెక్కకడదాం.